నేరేడు చెట్టు సిలబస్‌లో లేదు

మధురానగర్, హైదరాబాద్
9 జూన్ 2025

పెదనాన్నకి వందనాలు.

ఈ ఉత్తరం పెద్దమ్మకి చదివి వినిపించండి అని రాయబోయి నాలుక కరుచుకున్నాను. ఈసారి ఆవిడే మీకు చదివి వినిపిస్తుంది. మార్చిలో సోమాజిగూడ ఆసుపత్రిలో మీ స్వరపేటిక తీసేసిన దగ్గర్నుంచీ రోజూ ఇలాంటి పొరపాటు ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను. మొన్న ఫోన్‌లో నేను పావుగంట మాట్లాడితే అటు నుంచి పెద్దమ్మ, తల ఊపుతున్నారే, చెప్పు చెప్పు, అంటుంది. మీరు తల ఊపితే నాకెలా వినబడుతుంది? మెసేజ్ పెట్టమంటే ఫోన్‌ని సొరుగులో పడేశారట. అందుకని ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

సంగతేంటంటే, అమీర్‌పేటలో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్లో జూనియర్ లెక్చరర్ పరీక్ష బ్యాచ్‌కి ఈసారి ఇంగ్లీషు రొమాంటిక్ కవులని నాకు అంటగట్టారు. రొమాంటిక్ అనగానే మొదటిరోజు గది నిండిపోయింది. కొండలు, పిట్టలు, ఫ్రెంచి విప్లవం అనేసరికి మర్నాటికి వెనక బెంచీలు ఖాళీ. మా డైరెక్టర్ హనుమత్ప్రసాద్ గారికి అన్నీ బిట్లుగా కావాలి. కాబట్టి మీరు నాకొక పట్టిక చేసిపెట్టాలి. ఎడమవైపు ప్రకృతి, కుడివైపు దాని అర్థం. గాలి అంటే విప్లవం, పిట్ట అంటే స్వేచ్ఛ, మంచు అంటే రాజుల పెత్తనం, విత్తనం అంటే ఆశ. నేను కొంత పూరించి ఇందులో పెట్టాను. మిగతాది మీరు నింపితే ఒక్క పేజీలో అయిపోతుంది.

పచ్చడి సీసా అందింది. హాస్టల్లో అమ్మాయిలు రెండు రోజుల్లో అడుగు కనిపించేలా తినేశారు.

మీ
షెర్లిన్


నరసాపురం
16 జూన్ 2025

షెర్లీ,

నీ పట్టిక అందింది, చింపేశాను. నా దగ్గర ఇంగ్లీషు చదువుకున్న పిల్ల, నా తమ్ముడి కూతురు, కొండని ఎడమవైపూ అర్థాన్ని కుడివైపూ పెట్టి కిరాణా చీటీ పంపిస్తుందా? నా గొంతు పోయిందని నీకు ధైర్యమొచ్చినట్టుంది.

గాలి అంటే మార్పు అని బోర్డు మీద రాసి కింద గీత గీస్తావు, అంతేగా. మే నెలలో వచ్చిన గాలివానకి మా పెరట్లో నేరేడు చెట్టు నడుముదాకా విరిగిపోయింది. మొండెం మిగిలింది. అదీ గాలే, అదీ మార్పే. నీ పట్టికలో ఆ చెట్టు ఏ గడిలో పడుతుందో చెప్పు. ఆ కవులకి ఈ సంగతి బాగా తెలుసు. గాలి ఎండుటాకుల్ని ఊడ్చేస్తుంది, పడవల్ని ముంచేస్తుంది, విత్తనాన్ని మోసుకుపోయి ఎక్కడో నాటుతుంది. ఒకే గాలి. దానికి భయపడుతూనే దాన్ని రమ్మని పిలిచారు. ఆ పిలుపులో ఉన్న సాహసం మీ పిల్లలకి చెప్పు, అర్థం సంగతి తర్వాత.

వాళ్ళలో ముందుతరంవాళ్ళు కుర్రాళ్ళుగా ఉండగా ఫ్రాన్సులో జైలు గోడలు కూలాయి. లోకం మళ్ళీ పుట్టిందనుకున్నారు పాపం. ఇంగ్లండులో ఆ మాట పైకంటే అరెస్టు. రాజు పోవాలి అంటే పట్టుకుపోతారు గాని, మంచు కరగాలి అంటే ఏ జవాను పట్టుకుపోతాడు? అలాగని అది దాపరికం కోసం కట్టిన ముసుగు మాత్రమే అనుకోకు. ముసుగే అయితే విప్పాక పారేయొచ్చు. వాళ్ళు నిజంగా కొండలెక్కారు, నిజంగా వానలో తడిశారు, ఆ తర్వాతే రాశారు. అందుకే రాజులు పోయినా ఆ వాన ఇంకా తడుపుతుంది.

ఇప్పుడు గాలి నా ముక్కుని అడక్కుండా మెడలో పెట్టిన రంధ్రంలోంచి నేరుగా లోపలికొచ్చేస్తోంది. ముందు గుమ్మం ఉండగా దొడ్డిదారిన వచ్చే చుట్టంలాగ. ఆ గాలి మీద అంత కవిత్వం చెప్పినవాడిని, ఇప్పుడు దానికి గుడ్డ అడ్డం కట్టుకుని కూర్చున్నాను. డాక్టరు బ్యాటరీ మిషను గొంతు పెట్టుకోమన్నాడు. రైల్వే స్టేషన్లో అనౌన్సుమెంటులా ఉంటుంది, నాకొద్దు.

పచ్చడి మెచ్చుకున్నావు కాబట్టి చెబుతున్నాను, ఈసారి మీ పెద్దమ్మ ఉప్పు దండిగా వేసేసింది. ఆవిడతో అనకు.

యెషయా


మధురానగర్
30 జూన్ 2025

పెదనాన్నకి వందనాలు.

పట్టిక అడిగినందుకు చెంపలేసుకుంటున్నాను. మీ ఉత్తరంలో కవుల సంగతి క్లాసులో చదివాను. సగం చదివేసరికి కింద బేకరీవాడి గ్రైండర్ ఆగింది. గదిలో ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు తెలిసింది. మా సెంటర్ ఎలాంటిదో మీకు తెలియదు. కిటికీ తీస్తే మెట్రో పిల్లరు, దానికవతల జావా, పైథాన్ అని ఫ్లెక్సీలు. ఆ వీధిలో పచ్చగా కనిపించేది కొబ్బరిబోండాల బండి ఒక్కటే. అలాంటి చోట మీ వాన కురిసింది పెదనాన్నా.

వెనక బెంచీలో కనకయ్య అని ఒకాయన ఉన్నాడు. మెదక్ దగ్గర ఊరు. నాకంటే పెద్దవాడు. పగలు పంజాగుట్టలో బట్టల దుకాణంలో బిల్లింగు, సాయంత్రం మా క్లాసు. పరీక్ష వాయిదా పడిన ప్రతిసారీ మళ్ళీ మొదటి పాఠం నుంచి చదువుతాడు. ఎప్పుడూ నోరు విప్పనివాడు మొన్న చెయ్యెత్తాడు. "గా విప్లవం ఆఖరికి ఓడిపోయింది గద మేడమ్. ఓడిపోయినంక వాళ్లకు ఆశ ఏడికెల్లి వచ్చింది?"

మా సార్‌ని అడిగి చెబుతాను అన్నాను. మా సార్ ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. మీరు రాసింది పిల్లలు నోట్స్‌గా కావాలంటున్నారు. ఇవ్వనా?

మీ
షెర్లిన్


నరసాపురం
8 జులై 2025

షెర్లీ,

ఇవ్వు. దాచుకోడానికా రాసింది?

కనకయ్యకి నా నమస్కారం చెప్పు. నేను పాఠం చెప్పిన ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాడు లేడు. అందరూ విప్లవం వచ్చింది, కవులు సంతోషించారు, రాశారు అనుకుని మార్కులు తెచ్చుకుపోయారు. అది తప్పు. వాళ్ళు గొప్పగా రాసింది ఓడిపోయాకే. గెలుస్తామనుకున్నప్పుడు రాసినవి చూడు, ఊరేగింపులో డప్పులాగ ఉంటాయి. తర్వాత ఆ విప్లవమే తలలు నరికింది. దాని మీద ఒక చక్రవర్తి ఎక్కి కూర్చున్నాడు. వాడు పడిపోయాక పాత రాజులే తిరిగొచ్చారు. స్నేహితుల్లో కొందరు విసిగి రాజుల పక్కన చేరిపోయారు, ఇంకొందరు చిన్నవయసులోనే పోయారు. చుట్టూ చూస్తే ఆశపడడానికి మనిషి చేసినది ఏదీ మిగల్లేదు. అప్పుడు వాళ్ళు చెట్టు వైపు తిరిగారు. మనిషి మాట తప్పినా ఋతువు తప్పదు కదా అని. అది పిరికితనం అన్నవాళ్ళున్నారు. నేనొప్పుకోను. గెలిచేవాడి ఆశలో ఏం గొప్పుంది? ఓడినవాడు కూర్చుని చలికాలం నడిమధ్య చిగురు మాట ఎత్తితే వాడికి నేను లేచి నిలబడతాను.

ఇదంతా నాకు బోర్డు ముందు నిలబడి చెప్పడం వచ్చు షెర్లీ, బతకడం మాత్రం చేతకావడం లేదు. నేరేడు మోడు చిగురిస్తుందో లేదో నేను చూళ్ళేదు. దుమ్ము పడుతుందన్న వంకన పెరటివైపు కిటికీ మూయించేశాను. మీ పెద్దమ్మ నా ముందు ఏడవదు. బావి దగ్గరికెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వస్తుంది. గొంతు పోయింది గాని చెవులు బాగానే ఉన్నాయని ఆవిడకి తోచదు. పుస్తకాలు కాలేజీ లైబ్రరీకి ఇచ్చేశాను. మాట లేనివాడు మేష్టరెలా అవుతాడు? నీకు చెప్పినదే నా ఆఖరి క్లాసు అనుకో.

వర్షాలు పట్టాయి. గొడుగు మరిచిపోకు.

యెషయా


నరసాపురం
25 ఆగస్టు 2025

షెర్లిన్‌కి,

పాస్టరు గారబ్బాయి నేతన్ మీ అమీర్‌పేటలోనే ఏదో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నాడు. నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ నా చేతిలో ఒక స్పైరల్ పుస్తకం పెట్టాడు. అట్ట మీద 'యెషయా సార్ మెటీరియల్, షార్ట్‌కట్స్‌తో' అని ఉంది. జిరాక్సు షాపుల్లో దొరుకుతోందట. తాతగారూ, మీరు ఫేమస్, అన్నాడు.

తెరిచాను. నా ఉత్తరాలు, తేదీతో సహా. నా మెడలో రంధ్రం. మూసిన కిటికీ. బావి దగ్గర ఏడ్చే నా భార్య. దానికింద ఎవరో పసుపు రంగు గీత కూడా గీశారు. నేతన్ పైకి చదువుతుంటే మీ పెద్దమ్మ అమృతమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని గుడి బయటికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక నేను పలక మీద ఈ పిల్ల ఎందుకిలా చేసిందని రాస్తే, నిన్ను కాపాడబోయి ఆవిడ అసలు సంగతి బయటపెట్టింది. జూన్‌లో నాకు ఉత్తరం రాయమని నీకు చెప్పింది తనేనట. ఏదో ఒక పని పెట్టకపోతే మనిషి గోడకేసి చూస్తూ ఉండిపోతాడని. అంటే పట్టికా అక్కర్లేదు, పాఠమూ అక్కర్లేదు. ఏడ్చే పిల్లాడి చేతికి గిలక్కాయ ఇచ్చారు ఇద్దరూ కలిసి. నేను దాన్ని నిజమనుకుని ఊపాను.

ఇక రాయొద్దు.

యెషయా


మధురానగర్
31 ఆగస్టు 2025

పెదనాన్నా,

రాయొద్దన్నారు. ఇదొక్కటి చదివి చింపేయండి, మీకు అలవాటేగా.

మొదటి ఉత్తరం పెద్దమ్మ రాయమంటేనే రాశాను. అది నిజం. పట్టిక నాకు నిజంగానే కావాలి, అదీ నిజం. ఒకటి నిజమైతే రెండోది అబద్ధమవుతుందా? కనకయ్య అడిగిన ప్రశ్న పెద్దమ్మ నేర్పిందా?

జిరాక్సు తప్పు మాత్రం పూర్తిగా నాదే. ఇవ్వు అన్నారు కదా అని, మెట్రో కింద దుర్గేష్ అన్న షాపులో క్లాసుకి సరిపడా కాపీలు తీయమని రెండు ఉత్తరాలూ ఇచ్చి, కింద మెస్‌లో టిఫినుకి వెళ్ళాను. ఇంటి సంగతులు మడిచి కాపీ తీయాలన్న ఆలోచనే రాలేదు. అమీర్‌పేటలో ఒక కాగితం జిరాక్సు మిషను మీద పెడితే అది ఊరందరిదీ అయిపోతుందని ఇన్నేళ్ళు ఇక్కడుండీ మరిచిపోయాను. దుర్గేష్ అన్నని నిలదీస్తే, మంచి మెటీరియల్ అని వాళ్ళూ వీళ్ళూ అడిగితే తీసిచ్చిన మేడమ్, తప్పయితే మాఫ్ చెయ్యి, అన్నాడు. మిగిలినవి తీసేయించాను. బయటికి పోయినవాటిని వెనక్కి తేలేను. పెద్దమ్మ కాళ్ళు పట్టుకుంటానని చెప్పండి.

ఇంకో సంగతి. పోయిన వారం మాక్ టెస్టు పెట్టాం. ప్రకృతి ప్రతీకల ద్వారా ఆశని ఎలా చెప్పారో ఒక ఉదాహరణతో రాయండి అని ప్రశ్న. సగం క్లాసు మీ నేరేడు చెట్టుని రాసింది. గాలివానకి విరిగిన చెట్టు, మూసిన కిటికీ, బావి దగ్గర కన్నీళ్ళు. అదేదో కవితనుకున్నారు కొందరు. ఆ కవి ఏ శతాబ్దంవాడు మేడమ్ అని రవళి అనే అమ్మాయి అడిగింది. హనుమత్ప్రసాద్ గారు పేపర్లు పట్టుకొచ్చి, ఈ నేరేడు చెట్టు ఏ సిలబస్‌లో ఉందమ్మా అన్నారు. కీ ప్రకారం అందరికీ తప్పు వేశాను.

క్లాసులో పెద్ద గోలయింది. ఆ చెట్టు మా పెదనాన్న గారి పెరట్లోది, సిలబస్‌లో లేదు అని చెప్పాల్సొచ్చింది. కనకయ్య లేచాడు. పరీక్ష మళ్ళీ వాయిదా వేశారని జులైలో అతను గది ఖాళీ చేసి ఊరెళ్ళిపోబోయాడట. మీ రెండో ఉత్తరం చదివి, కట్టిన పెట్టె విప్పేశాడట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"అయితే గా మోడు నిజంగనే ఉన్నట్టు. చిగురేసిందా మేడమ్? జర సార్‌ని అడుగుండ్రి."

ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. నాకు తెలియదు పెదనాన్నా. మీరు కిటికీ తీస్తేగాని చెప్పలేను.

షెర్లిన్


నరసాపురం
10 సెప్టెంబరు 2025

షెర్లీ,

నీ ఉత్తరం వారం పాటు బల్ల మీదే ఉంచాను. చింపలేదు.

మీ క్లాసు ఊరుకునేలా లేదని నిన్న పొద్దున్న పెరట్లోకి వెళ్ళాను. మెడకి గుడ్డ కట్టుకుని, కర్ర పట్టుకుని, దొంగలాగ. మోడు చుట్టూ నేల తడిగా ఉంది. నాలుగు రోజులుగా వాన లేదు. తెల్లగా బియ్యపు నూకలు కనిపించాయి. చూస్తూండగానే వెనకాల చెంబు చప్పుడైంది. మీ పెద్దమ్మ బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చింది. మే నెల నుంచీ రోజూ పోస్తోందట. నాతో ఎందుకు చెప్పలేదని వేలితో గాలిలో రాసి అడిగాను. "చెబితే మీరు దాని మీద ఓ గంట పాఠం చెబుతారు. నాకు వంట పనుంది" అంది. అన్నాక, నేను ఇక పాఠం చెప్పలేనన్న సంగతి గుర్తొచ్చి మొహం తిప్పుకుంది. నాకు నవ్వొచ్చింది. శబ్దం రాలేదు గాని భుజాలు ఊగాయి. ఆవిడ చూసింది. ఆపరేషన్ తర్వాత ఇద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

ఇక నీ పిల్లల ప్రశ్న. చిగురు లేదు. మోడు చుట్టూ తిరిగి, వంగి, అద్దాలు తుడుచుకుని చూశాను. ఒక్కటి కూడా లేదు. అబద్ధం రాయను. ఆ కవులు కూడా చిగురు చూశాక రాసినవాళ్ళు కాదు.

గిలక్కాయ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కనకయ్య పెట్టె విప్పాడన్నావు కదా, ఆ వాక్యం దగ్గర నాకు చూపు మసకేసింది.

అక్టోబరు మొదటి వారం సోమాజిగూడలో చెకప్పు ఉంది. మీ సెంటర్లో బోర్డు ఉందా? నల్లది. తెల్ల బోర్డు, కంపు కొట్టే పెన్నులు అయితే రాను.

పెద్దమ్మ నిన్ను క్షమించింది, ఒక్క విషయంలో తప్ప. బావి దగ్గర ఏడ్చింది చదివితే చదివారు, ఎవరింట్లో ఏడుపు లేదు, అంటోంది. పచ్చడిలో ఉప్పెక్కువైందని హైదరాబాదంతా చదివిందే, దానికి ఏం చేస్తావని అడగమంది.

యెషయా


మధురానగర్
19 సెప్టెంబరు 2025

పెదనాన్నకి, పెద్దమ్మకి వందనాలు.

మీ ఉత్తరం క్లాసులో చదవలేదు. చిగురు లేదన్న ఒక్క మాటే చెప్పాను. ఎవరూ నిరాశపడలేదు, అదే వింత. ఇంకా చలికాలమే రాలేదు గదా అన్నారు.

హనుమత్ప్రసాద్ గారిని ఒప్పించడానికి కొంచెం కష్టమైంది. మాట రాని లెక్చరర్‌తో క్లాసేంటమ్మా అన్నారు. నేను కాస్త గట్టిగానే మాట్లాడాను. చివరికి, సరే, ఫ్లెక్సీ మాత్రం వేయలేను అన్నారు. మాకున్నవన్నీ తెల్ల బోర్డులే. దుర్గేష్ అన్న ఎక్కడో మూతబడ్డ ట్యుటోరియల్ నుంచి నల్లబోర్డు సంపాదించి, మూడో అంతస్తుకి తనే మోసుకొచ్చాడు. లిఫ్టు పనిచేయదు. మీరు ప్రతి మలుపులో కూర్చునేలా కుర్చీలు వేయిస్తాను. చాక్‌పీసు పొడి గొంతుకి పడదని డాక్టరు అన్నారు, ముందు బెంచీ అమ్మాయి నవీన తడిగుడ్డతో తుడుస్తానంది. నాకు భయంగా ఉంది, మీకు చెప్పకుండా ఉండలేను.

పెద్దమ్మా, ఉప్పు సరిగ్గానే ఉందని బోర్డు మీద రాయిస్తాను.

మీ
షెర్లిన్


నరసాపురం
14 అక్టోబరు 2025

షెర్లీ,

క్షేమంగా చేరాం. రైల్లో మీ పెద్దమ్మ పక్క సీటావిడకి మా ఆయన హైదరాబాదులో క్లాసు చెప్పి వస్తున్నారండీ అని చెప్పింది. నిడదవోలు వచ్చేదాకా చెబుతూనే ఉంది.

నువ్వు గది వెనక నిలబడి ఏడుస్తున్నావు కాబట్టి నీకేమీ కనబడి ఉండదు. నాకు కనబడింది రాస్తాను.

బోర్డు ముందు నిలబడ్డాను. ఇన్నేళ్ళు రాయడానికి ముందు మాట్లాడేవాణ్ణి. మాట్లాడనిదే రాయడమెలాగో తెలియలేదు. ముందు వాన అని రాశాను. ముందు బెంచీలో ఎవరో పైకి చదివారు. కొండ అని రాస్తే ఇంకొందరు చదివారు. తర్వాత వాక్యాలు రాసుకుంటూ పోయాను, వెనక నుంచి గదంతా చదువుకుంటూ వచ్చింది. జైలు గోడలు కూలడం, తలలు తెగడం, రాజులు తిరిగిరావడం, ఓడినవాళ్ళు కొండలెక్కడం. మెదక్ గొంతు, గుంటూరు గొంతు, ముక్కుతో చదివే గొంతు ఒకటి. నేను వాక్యం తప్పుగా విరిచిన చోట వాళ్ళూ విరిచారు. చదువు ఆగితే కింద బేకరీవాడి గ్రైండర్ వినబడేది, వెంటనే రాసేవాణ్ణి. నాకున్న గొంతు ఒక్కటే పోయింది షెర్లీ, ఇన్ని గొంతులు మిగిలే ఉన్నాయి. మార్చి నుంచీ దానికోసమే కూర్చుని ఏడ్చాను.

చివర్న మా పెరటి సంగతికి వచ్చాను. 'మోడు చిగురిస్తుందో లేదో నాకు తెలియదు, అయినా' అని రాశాను. అక్కడ చాక్‌పీసు విరిగింది, దగ్గు తెర కూడా వచ్చింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. గదంతా 'అయినా' అన్న మాట దగ్గర ఆగిపోయి ఎదురుచూస్తోంది. అప్పుడు వెనక బెంచీ నుంచి కనకయ్య, "అయినా పెద్దమ్మ నీళ్లు పోసుడు బంద్ పెట్టలే" అన్నాడు. అతనికి ఆ సంగతి నువ్వు చెప్పావో, తలుపు దగ్గర కూర్చున్న ఆవిడే చెప్పిందో నేనడగలేదు. గదంతా ఆ ముక్క అందుకుని, నేను రాసిన వాక్యానికి కలిపి మొదటి నుంచీ చదివారు. తలుపు దగ్గర అమృతమ్మ చెంగుతో మొహం దాచుకోలేదు. అందరి ముందూ ఏడ్చింది.

నేను రాయాలనుకున్న వాక్యం వేరు. చాలా పెద్దది, అందులో వసంతం కూడా ఉంది. రైల్లో వెళ్తూ తయారుచేసుకున్నాను. విరిగిన ముక్క తీసుకుని కనకయ్య మాట ఉన్నదున్నట్టు బోర్డు మీద రాశాను. పక్కన టిక్ పెట్టాను.

ఇవాళ పొద్దున్న కూడా పెరట్లోకి వెళ్ళాను. ఇంకా చిగురు లేదు. చెంబు ఇవాళ నేను పట్టుకున్నాను.

ఆ మాక్ టెస్టు పేపర్లు నీ దగ్గరే ఉంటే, నేరేడు చెట్టు రాసినవాళ్ళకి మార్కు వెయ్యి.

నీ
పెదనాన్న